దొరగారి పాటలో నేను పట్టిన ఒత్తు

మా ముత్తాతగారు పెద్దాపురం చుట్టుపక్కల మూడు ఊళ్ళ శిస్తు వసూలు చేసే ముఠాదారు. ఆయన పల్లకీ ఎదురైతే దారినపోయేవాళ్ళు గొడుగు ముడిచి పక్కకు తప్పుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. తాతగారి హయాంలో పల్లకీ పోయి గుర్రబ్బండి వచ్చింది గాని మర్యాద తగ్గలేదు. కాకినాడ నుంచి ఏ పెద్ద అధికారి వచ్చినా బస మా ఇంట్లోనే. పెళ్ళయినా ఉపనయనమయినా మా సావిట్లో సన్నాయి మేళం రోజుల తరబడి మోగేది. నాన్నగారి కాలానికి ఊళ్ళు పోయి వ్యాజ్యాలు మిగిలాయి. ఆయన వాటిని దర్జాగా నడిపి, దర్జాగానే ఓడిపోయారు. నా వంతుకు వచ్చింది ఇంటిపేరు, కడియం దగ్గర ఒక చిన్న కొబ్బరితోట, వాటితోపాటు ఎవరి ముందూ వంగని నడుము.

ఇదంతా ముందు ఎందుకు చెబుతున్నానంటే, కొత్తగా పంతులు ఉద్యోగాల్లో చేరిన కుర్రవాళ్ళు నన్ను చూడవచ్చినప్పుడు ఒకే ప్రశ్న అడుగుతారు. "మాష్టారూ, మీ వంశమేంటి, మీరెళ్ళి మిషన్ బంగళాలో పాటల దొరగారి దగ్గర పనిచెయ్యడమేంటండీ?" అని. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. ఒకసారి రాసి పెడితే చదువుకుంటారు.

నేను భాషాప్రవీణ చదివి రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఓరియంటల్ స్కూల్లో తెలుగు పండితుడిగా చేశాను. తొంభైల మొదట్లో ఆ స్కూలు మూతపడింది. పని లేకుండా ఇంట్లో కూర్చోవడం మా వంశంలో చాలామంది చేసిన పనే. దాని ఫలితం నేను కళ్ళారా చూశాను. అందుకని గోదావరి అవతల కొవ్వూరులో ఎవరో విదేశీ దంపతులకు తెలుగు చెప్పే మనిషి కావాలని ఒక స్నేహితుడు అనగానే మర్నాడు పొద్దున్నే వంతెన దాటే బస్సెక్కాను.

ఆ దంపతులు ఎక్కడో చలిదేశం వాళ్ళు. ఇద్దరికీ అరవై దగ్గరపడ్డాయి. ఆయన తన దేశంలో ఒక పెద్ద చర్చిలో పాటల బృందాన్ని నడిపినవారు, వాద్యాలు బాగుచెయ్యడం కూడా వచ్చు. ఆవిడ గాత్రం నేర్పేవారు. మామూలుగా మిషన్ దొరలు ఆస్పత్రి పెట్టడానికో బడి పెట్టడానికో వస్తారు. వీళ్ళు వచ్చింది మన పల్లెటూరి చర్చిల్లో పాట బాగుచెయ్యడానికి. కొవ్వూరంతా వాళ్ళను దొరగారు, దొరసానిగారు అనేది. మా తాతగారి తరవాత ఈ ప్రాంతంలో మరొకరిని ఆ మాటతో పిలవడం నేను వినడం అదే మొదటిసారి. మొదట్లో చెవికి గుచ్చుకుంది. తరవాత అలవాటైంది.

నేను నా షరతులు ముందే చెప్పాను. పాఠం వరండాలో. నాకు వేసే కుర్చీ వాళ్ళ కుర్చీల కన్నా తక్కువగా ఉండకూడదు. చర్చిలోకి మాత్రం రాను. నా పూజ నాది, వాళ్ళ ప్రార్థన వాళ్ళది, ఒకదానికొకటి అడ్డం రాకూడదు. దొరగారు అన్నీ శ్రద్ధగా విని తలూపారు. మర్నాడు వెళ్ళేసరికి నా కుర్చీ నిన్నటిదే, వాళ్ళ కుర్చీలే పొట్టివైపోయి ఉన్నాయి. ఆయన రంపం తీసుకుని తమ కుర్చీల కాళ్ళు కోసేశారు. ఆ రోజు నుంచి ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని నా దగ్గర గుణింతాలు దిద్దారు. అలాంటి మనిషి మీద ఎన్నాళ్ళు బిగదీసుకుని ఉండగలం?

ఏడాది తిరిగేసరికి నేను తెలుగు పంతులు నుంచి వాళ్ళ పాటల శాఖకు సహాయకుణ్ణయ్యాను. వాళ్ళ వ్యానులో కాలవగట్ల వెంట ఊళ్ళకు వెళ్ళడం, వాళ్ళ మాట ఊరివాళ్ళకూ ఊరివాళ్ళ మాట వాళ్ళకూ అందజెయ్యడం నా పని. చర్చి బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఆ పని చేసేవాణ్ణి. గుమ్మం దాటేవాణ్ణి కాదు.

ఇప్పుడు వాళ్ళు తలపెట్టిన పని గురించి కొంచెం చెప్పాలి. మన వాళ్ళు ఎంతమంది పాడినా పాట ఒకటే, వరస ఒకటే. వాళ్ళ దేశంలో అలా కాదు. సన్నగొంతు ఆడవాళ్ళు ఒక వరస, బరువు గొంతు ఆడవాళ్ళు ఇంకో వరస, మగవాళ్ళలో మళ్ళీ అలాగే రెండు. నాలుగూ ఒకేసారి పాడితే నాలుగు పాయల జడలా పాట అల్లుకుంటుంది. అది ఒక ఊళ్ళో అయినా సరిగ్గా నిలబెట్టి చూపించాలని వాళ్ళ కోరిక. అందుకు నిడదవోలు దారిలో కాలవ పక్కనున్న ఒక ఊరిని ఎంచుకున్నారు. అక్కడి పాస్టరు అయ్యగారు మెత్తని మనిషి, ఎవరు ఏం చెప్పినా "అలాగేనండి" అనేవారు. ఊరివాళ్ళకు పాటంటే ప్రాణం. పాట ఎత్తేది నాట్ల మేస్త్రమ్మ. పొలంలో ఆవిడ ముఠా వంగి నాట్లు వేస్తున్నా, ఆదివారం చర్చిలో కూర్చున్నా, మొదటి లైను ఆవిడ నోటివెంట రావాల్సిందే. యాభై దాటిన మనిషి. పొలం అవతలి గట్టు మీద మనిషిని కూడా కేకేసి నిలబెట్టగల గొంతు.

దొరసానిగారు ఒక్కొక్కరి చేత పాడించి, గొంతు చూసి జనాన్ని నాలుగు భాగాలు చేశారు. మేస్త్రమ్మ కోడలిది సన్నగొంతు కాబట్టి పై వరసలోకి వెళ్ళింది. మేస్త్రమ్మ దాని కింది వరసలో పడింది. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"కోడలు పైనా, అత్త కిందానా అండీ? మీ దేశంలో అలా జరుగుద్దేమో గాని, ఇక్కడ ఇంటికెళ్ళాక నేను దాని చేతి అన్నం తినాలండి."

నేను దీన్ని దొరసానిగారికి అనువదించాను. ఆవిడ ఆలోచించి, బరువు గొంతు లేకపోతే సన్నగొంతు గాల్లో ఎగిరిపోతుందని చెప్పమన్నారు. చెప్పాను. "అదైతే నిజమేనండి, పెళ్ళయిన కాణ్ణుంచీ దాన్ని పట్టుకుని నిలబెడతంది నేనే" అని మేస్త్రమ్మ సమాధానపడింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నాలుగు జట్లకూ తీరిక ఒకేసారి దొరకదు. ఆడవాళ్ళు పొలం నుంచి వచ్చే వేళ వేరు, మిల్లుకూ బట్టీకీ వెళ్ళే మగవాళ్ళ వేళ వేరు. అందుకని ఒక్కో జట్టుకు ఒక్కో సాయంత్రం విడిగా నేర్పారు. ఎవరి వరస వాళ్ళకు తేనెలా వచ్చింది. పక్కజట్టు ఏం పాడుతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

మొదటిసారి అందరినీ ఒకచోట నిలబెట్టి మొదలుపెట్టిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నాలుగు జట్లూ ఒక్కసారిగా అందుకున్నాయి. పాట రెండో లైనుకు రాకముందే బరువు గొంతు ఆడవాళ్ళు ఆగిపోయారు. తరవాత మగవాళ్ళలో ఒక జట్టు, ఆ వెంటనే రెండోది. సన్నగొంతు పిల్లలు కాసేపు ఒంటరిగా పాడి, అందరూ తమవైపే చూస్తున్నారని సిగ్గుపడి వాళ్ళూ ఆగారు. చర్చి నిశ్శబ్దమైపోయింది. పాట అయిపోయిందనుకుని అయ్యగారు కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థన చేసేశారు.

ఎందుకు ఆగారని అడిగితే మేస్త్రమ్మ నావంక జాలిగా చూసింది. "వాళ్ళేదో పాడుకుంటన్నారు కదండీ. మజ్జలో మేం దూరితే ఏం బాగుంటదండీ?" మగవాళ్ళదీ అదే మాట. ఆడవాళ్ళు ముందు కానిచ్చాక తాము పాడదామని ఆగారట. గోదావరి జిల్లాల మర్యాద మీకు తెలియనిది కాదు. ఒకే గుమ్మం దగ్గర ఇద్దరు కలిస్తే "మీరు ముందండీ" అంటే "మీరు ముందండీ" అనుకుంటూ ఇద్దరూ బయటే ఉండిపోతారు. ఆ రోజు నాలుగు జట్లూ ఒక పాట గుమ్మం దగ్గర అలాగే నిలబడిపోయాయి.

తరవాత ఆగవద్దని గట్టిగా చెప్పి చూశాం. అప్పుడు ఇంకో రకంగా అయింది. నాలుగు లైన్లు గడిచేసరికి అందరూ అసలు వరసలోకి జారిపోయేవారు. ఎందుకంటే చిన్నప్పటి నుంచి పాడిన వరస అదొక్కటే ఒప్పు, మిగతావి తప్పు. నలుగురిలో తెలిసి తెలిసి తప్పు పాడటమంటే పరువు తక్కువ కదా.

ఆ సమయంలోనే ఒక కబురు వచ్చింది. వీళ్ళను పంపిన సంస్థలోని పెద్ద ఒకాయన, వానాకాలపు సార్వా పంట కోతలయ్యాక ఆ ఊళ్ళో జరిగే కోతపండుగకు వస్తున్నారు. కోతపండుగంటే కొత్త పంటలో మొదటిది తెచ్చి చర్చిలో పెట్టి, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ పెద్దాయన పండుగ చూడటానికి రావడం లేదు. పాటల కోసం ఇద్దరు మనుషుల్ని సముద్రాలు దాటించి పోషించడం దండగని ఆయన మొదటి నుంచీ అంటున్నారట. వచ్చి చూసి, పని కనబడకపోతే ఇద్దరినీ తనతోపాటే వెనక్కి తీసుకుపోతారు.

ఆ సంగతి చెప్పిన పొద్దున దొరసానిగారు పాఠం చదవలేదు. దొరగారు పెరట్లో ఏదో వాద్యం విప్పుకుని కూర్చున్నారు. ఆవిడ నేను నేర్పిన పుస్తకాల తెలుగులోనే మొదలుపెట్టారు. "పంతులుగారూ, వారికి చెవులు సరిగా వినబడుట లేదు."

నాకు అనుమానం ఉండేది. ఆయన కాళ్ళతో తొక్కే హార్మోనియం వాయించేటప్పుడు ఎడమ అరచెయ్యి దాని చెక్క మీద ఆనించి ఉంచేవారు. ముద్దుగా పెట్టుకున్నారనుకునేవాణ్ణి. ఆ చెక్క అదురును బట్టి ఆయన స్వరం పోల్చుకుంటున్నారన్నమాట. పాడేవాళ్ళ నోళ్ళు చూసి మిగతాది పట్టుకునేవారు. మిగిలిన మాటలు ఆవిడ తెలుగులో చెప్పలేకపోయారు, ఇంగ్లీషులోకి మారిపోయారు. వాళ్ళ దేశంలో చెవులు మందగించాయని తెలియగానే ఆయనకు విందు చేసి, పూలగుత్తి ఇచ్చి, బృందం ఎదురుగా నిలబడే మనిషిని చివరి బల్ల మీద కూర్చోబెట్టారు. రెండేళ్ళు ఆయన ఇంట్లో కిటికీ పక్క కుర్చీలోంచి లేవలేదు. ఇక్కడికి వచ్చాకే లేచారు. ఇక్కడ ఎవరూ ఆయన్ని కూర్చోమనలేదు. వచ్చే పెద్దాయనకు ఈ సంగతి తెలిస్తే ఇంక మాట్లాడేదేమీ ఉండదు. మళ్ళీ ఆ కుర్చీయే.

కోర్టులో చివరి తీర్పు వచ్చాక మా నాన్నగారు కూడా అలాంటి కుర్చీలోనే కూర్చున్నారు. అందులోంచి లేచిన మనిషిని నేను చూడటం అదే మొదలు. ఆ లేచిన మనిషి పెరట్లో స్క్రూడ్రైవరు పళ్ళతో పట్టుకుని ఏదో కూనిరాగం తీస్తున్నారు. శ్రుతి కొంచెం కిందికి ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రం ఊరికి వెళ్ళినప్పుడు బరువు గొంతు మగవాళ్ళను వరండాలోకి పిలిచాను. మా సావిట్లో చిన్నప్పుడు విన్న మేళం నాకు పొద్దుటి నుంచీ మనసులో మెదులుతూనే ఉంది.

"పెళ్ళిలో సన్నాయి మేళం విన్నారా?" అన్నాను.

"ఇనకేమండీ."

"సన్నాయివాడి పక్కన ఒకడు, బుగ్గలు పూరించి ఒక్కటే స్వరం ఊదుతూ ఉంటాడు. అదేంటి?"

"ఒత్తండి."

"సన్నాయి పాట వాయిస్తుంటే వాడు ఒకటే స్వరం ఊదుతున్నాడు కదా, వాడు తప్పు వాయిస్తున్నట్టేనా?"

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మిల్లులో పనిచేసే ఒకాయన అన్నాడు. "తప్పెందుకవుద్దండీ. ఆడు లేకపోతే సన్నాయికి ఆనుకోటానికి ఏముంటదండీ?"

"సన్నాయివాడు ఊపిరి పీల్చుకోడానికి ఆగుతాడు. డోలువాడు వేళ్ళు సర్దుకోడానికి ఆగుతాడు. ఒత్తు?"

"ఒత్తాగదండి."

"మీరు ఒత్తు. ఎవరు ఆగినా మీరు ఆగకూడదు. మీరు మర్యాద చేస్తే పాట పడిపోతుంది."

ఇదంతా గుమ్మం లోపల నుంచి వింటున్న మేస్త్రమ్మ బయటికి వచ్చింది. "మరి మేమెవరమండీ, డోలా?"

మీరు రెండో సన్నాయి అన్నాను. ఆవిడ బుగ్గన వేలేసుకుంది. "మా కోడలు మొదటి సన్నాయి, నేను రెండోదా. సరే కానివ్వండి, కలికాలం." అని లోపలికి పోబోతూ ఆగి, "బాబుగారూ, మీ ఇంట్లో ఒత్తు పట్టినోళ్ళు ఎవరన్నా ఉన్నారాండీ?" అంది.

"మా ఇంట్లో మేళాన్ని పిలిపించినవాళ్ళే గాని పట్టినవాళ్ళు లేరు" అన్నాను. అన్నప్పుడు నా నడుము ఇంకొంచెం నిటారయ్యే ఉంటుంది.

"ఆయ్, అదీ నిజమేలెండి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఈ ఒత్తు సంగతి దొరసానిగారికి చెబితే అది వినాల్సిందేనన్నారు. ఆ వారంలో కొవ్వూరులో జరిగిన ఒక పెళ్ళికి తీసుకెళ్ళాను. ఆవిడ పెళ్ళికూతురికి వీపు పెట్టి, ముహూర్తం అయ్యేదాకా ఒత్తువాడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వాడు జీవితంలో ఎన్నడూ ఎవరూ తనను అంతలా చూడలేదని బెదిరిపోయాడు. మర్నాటికి ఆవిడ బరువు గొంతు మగవాళ్ళ వరసను తిరగరాసి, ఇంచుమించు ఒకే స్వరం మీద నిలబడేలా చేశారు. అక్కడి నుంచి పని కుదిరింది. అడుగున ఒకటి కదలకుండా ఉందని తెలిశాక మిగతా జట్లకు ధైర్యం వచ్చింది. జారిపోవడం తగ్గింది, పూర్తిగా పోలేదు.

పండుగ రోజు వచ్చింది. చర్చి గుమ్మానికి రెండు వైపులా వరికంకుల తోరణాలు. లోపల అరటిగెలలు, కొబ్బరికాయలు, బూడిదగుమ్మడికాయలు, అరిసెల పళ్ళేలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, బుట్టలో బాతుగుడ్లు. వచ్చిన పెద్దాయన బాగా పొడుగు. ముందు వరసలో చేతుల కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ముఖంలో ఏ భావమూ లేదు. నేను వరండాలో నా బల్ల మీద, స్తంభానికి పక్కగా ఉన్నాను. అక్కడి నుంచి దొరగారూ కనబడతారు, జనమూ కనబడతారు.

వాద్యం లేకుండా ఒట్టి గొంతులతోనే పాడించాలని దొరసానిగారు ముందే అనుకున్నారు. ఆవిడ ఆడవాళ్ళ ముందు వరసలో నిలబడ్డారు. దొరగారు ఎదురుగా నిలబడి చెయ్యి లేపారు. పాట పాతదే, ఊరంతా ఎరిగినదే. అయినా ఆ పాట అలా ఉంటుందని నేను అనుకోలేదు. అడుగున మగవాళ్ళ గొంతులు ఏటిలో నీళ్ళలా పరుచుకుని ఉంటే, పైన మేస్త్రమ్మ జట్టు, ఇంకా పైన కోడలి జట్టు. రెండు చరణాలు పొల్లు పోకుండా నడిచాయి. మూడో చరణంలో దొరగారికి కళ్ళు మూసుకుని చెయ్యి ఊపే అలవాటు. మూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే పెద్దాయన లేచి నిలబడ్డారు.

అంత దూరం నుంచి వచ్చిన అతిథి లేచారంటే ఏదో మాట్లాడబోతున్నారు. అతిథి మాట్లాడబోతుంటే మనం పాడుతూ ఉండటం ఏం మర్యాద? కోడలి జట్టు ఆగింది. మేస్త్రమ్మ జట్టు ఆగింది. ఆగకూడదని అన్నిసార్లు చెప్పిన మగవాళ్ళు కూడా ఆ పొడుగు మనిషిని చూసి తడబడి, గొంతు తగ్గించి, ఆగిపోయారు. దొరసానిగారి గొంతు ఒక్కటే రెండు మాటలు నిలబడి, భర్త వైపు చూసి ఆగిపోయింది. దొరగారు మాత్రం కళ్ళు మూసుకుని, మొహం నిండా సంతోషంతో, లేని పాటకు చెయ్యి ఊపుతూనే ఉన్నారు. అరటిగెలల వెనక నుంచి ఒక కోడి కూసింది. పెద్దాయన ఆ చేతి వైపు తిరిగి చూడటం మొదలుపెట్టారు.

నేను ఆలోచించి చేశానని చెప్పుకోను. నా గొంతులోంచి మగవాళ్ళ ఒత్తు స్వరం బయటికి వచ్చింది. వినీ వినీ అది నాకు బాగా పట్టుబడింది. వరండాలోంచి అయితే చాలదనిపించి లేచాను. ఎప్పుడు గుమ్మం దాటానో తెలియదు. దొరగారికీ జనానికీ మధ్య దారిలో నిలబడి, ఊపిరి ఉన్నంతవరకూ ఆ ఒక్క స్వరాన్నే పట్టుకున్నాను. పల్లకీ ఎక్కిన మా ముత్తాతగారు పైనుంచి చూసి ఏమనుకున్నారో నాకు తెలియదు. ముందు మిల్లు పనివాడు అందుకున్నాడు. తరవాత మగవాళ్ళంతా. మేస్త్రమ్మ నన్నొకసారి తలనుంచి కాళ్ళదాకా చూసి, మూడో చరణం మధ్య లైను ఎత్తుకుంది. దొరగారు కళ్ళు తెరిచేసరికి నాలుగు జట్లూ పాడుతున్నాయి. అదనంగా నేను ఉన్నాను. ఆయన నాకు కూడా ఒకసారి చెయ్యి ఊపి లయ చూపించారు.

తరవాత తెలిసింది, పెద్దాయన లేచింది కాలు తిమ్మిరెక్కినందుకట.

ఆరాధన అయ్యాక షామియానా కింద భోజనాలప్పుడు ఆయన నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. మీరు ఏ సంఘంవారని అడిగారు. నేను ఏ సంఘం వాణ్ణీ కానని, వీళ్ళ తెలుగు పంతుల్నని చెప్పాను. కొంచెంసేపు ఆగి, "ఆయనకు వినబడుతుందా?" అని నెమ్మదిగా అడిగారు.

అబద్ధం చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు. వ్యాజ్యాలు ఓడిపోవడానికి అదీ ఒక కారణం. "చెవులు తగ్గాయండి, చేతులు తగ్గలేదు" అన్నాను. ఆయన తలదించుకుని విస్తరిలో మెతుకులు ఒక పక్కకు నెట్టారు. ఇంక అయిపోయిందనుకున్నాను.

మేస్త్రమ్మ అన్నం వడ్డిస్తూ ఇదంతా గమనిస్తోంది. "ఏంటండీ అడుగుతున్నారు?" అంది. చెప్పాను. దొరగారినీ దొరసానిగారినీ తీసుకుపోతారేమోనని కూడా చెప్పాను. ఆవిడ గరిటె కింద పెట్టి పెద్దాయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"అదేంటండీ. మేం తరతరాలుగా పాడుకుంటన్న పాట, ఒక్కటిగా ఉండేదండి. ఈ అమ్మగారొచ్చి నాలుగు ముక్కలు చేశారు. ఇయ్యాల కూడా చూశారుగా, మజ్జలో ఊడిపోయింది. బాబుగారు చెప్పులతో సహా లోపలికొచ్చి పట్టుకుంటే గాని నిలబడలేదు. ముక్కలు చేసినోళ్ళు అతికించకుండా ఎలా తీసుకెళ్ళిపోతారండీ? అతికించి వెళ్ళమనండి. దొరగారికి ఇనపడకపోతే ఇనటానికి మేం ఇంతమందిమి ఉన్నాం."

అప్పుడు నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. చెప్పులు అలాగే ఉన్నాయి. అన్నాళ్ళు గుమ్మం దాటని మనిషిని, ఒక్కసారి దాటితే, అదీ చెప్పులతో దాటాను.

ఆవిడ చెప్పిందంతా, చెప్పుల సంగతి కూడా దాచకుండా, పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను. ముక్కలు చేసినవాళ్ళే అతికించాలన్న మాట దగ్గర ఆయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. ఆ తరవాత గట్టిగానే నవ్వారు. ఆస్పత్రి కట్టించమనీ బడి పెట్టమనీ అడిగినవాళ్ళను చాలామందిని చూశానని, పాడుచేసిన పని పూర్తి చేసేదాకా మనుషుల్ని వెళ్ళనిచ్చేది లేదన్నవాళ్ళను చూడటం ఇదే మొదలని అన్నారు. అతికేదాకా ఉండమని వాళ్ళతో తానే చెబుతానన్నారు. ఆ మాట నేను మేస్త్రమ్మకు చెబితే, "ఆయ్, అలా అన్నారు బాగుంది" అని, ఆయన విస్తరిలో ఇంకో గరిటె పులిహోర వేసింది.

వేలంలో ఆయన చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తి ఒక పుంజును పాడుకున్నారు. దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమంటే ఊరివాళ్ళు ఒప్పుకోలేదు, పాడుకున్నది పాడుకున్నట్టేనని బుట్టలో పెట్టి వ్యానులోకి ఎక్కించారు. రాజమండ్రి స్టేషన్లో ఆ పుంజు ఏమైందో దొరగారు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

ఆ సాయంత్రం తిరుగుదారిలో దొరసానిగారు వెనక సీట్లో కూర్చున్నారు. దొరగారు వ్యాను నడుపుతూ మూడో చరణం కూనిరాగం తీస్తున్నారు. శ్రుతి తప్పింది. నేను పక్క సీట్లో కూర్చుని అడుగు స్వరం మెల్లగా అందించాను. ఆయనకు వినబడి ఉండదు. ఆవిడకు వినబడింది.

పాట పూర్తిగా అతికిందా అంటే, ఆ ఊళ్ళో అతికింది. ఇంకో రెండు మూడు ఊళ్ళలోనూ అతికింది. కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ మర్యాదే గెలుస్తోంది. వాళ్ళు మాత్రం రెండువేల సంవత్సరం దాటాక కూడా ఇక్కడే ఉన్నారు. దొరగారికి చివరికి రెండు చెవులూ పూర్తిగా పోయాయి, చర్చి ముందు నిలబడటం మాత్రం మానలేదు. జనం కూడా ఆయనకు వినబడదని తెలిసినందువల్ల ఇంకా జాగ్రత్తగా పాడేవారు. నేను కూడా చెప్పులు బయట విడిచి, మగవాళ్ళ జట్టు చివర నిలబడేవాణ్ణి. నా నియమం మారలేదు, పొద్దున్నే నా పూజ నాదే. మా బంధువుల్లో కొందరు దీన్ని ఎత్తి చూపారు. మేళాన్ని పిలిపించిన ఇంట్లో పుట్టి ఒత్తు పట్టానని. అవునన్నాను.

మీలో ఎవరైనా కొత్త చోట పనిలో చేరి, ఆ పని మీ స్థాయికి తగినది కాదని అనుకుంటూ ఉంటే నేను సలహా ఏమీ చెప్పను. నా అంత ఠీవిగా వరండాలో కూర్చోగలిగితే కూర్చోండి. లోపల ఎవరైనా లేని పాటకు చెయ్యి ఊపుతుంటే మాత్రం మీ కాళ్ళు మీ మాట వినవు.

దొరగారికి ఒంట్లో బాగుండక ఆ దంపతులు తిరిగి వెళ్ళిపోయాక మిషన్ పాటల శాఖను మూసేసింది, దాంతో నా ఉద్యోగమూ ముగిసింది. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కడియం దగ్గర మాకు మిగిలిన కొబ్బరితోట జోలికి పోవాల్సిన అవసరం రాలేదు. జీతం ఆగాక ఇల్లు గడవక, మరుసటి వేసవిలో దాన్ని ఒక నర్సరీ ఆయనకు అమ్మేశాం.